కంది గింజలో దాగిన చరిత్ర



సాగర్ ఎడమ కాలువ వచ్చినంక మిర్యాలగూడ, కోదాడ దిక్కు వరి పెరిగింది. సూర్యాపేట తండాల చెలకల్లో ఇంకా కంది వేస్తం. ఈ కంది ఎక్కడ పుట్టిందో ఏ శాసనంలోనూ లేదు, గింజలోని జన్యువులే చెప్పినయి.

పటాన్‌చెరు ఇక్రిశాట్ ముందుండి 2011లో కంది జన్యుపటం బయటపెట్టింది. అందులో 48,680 జన్యువులు లెక్కతేలాయి. చిక్కుడు కుటుంబంలో సోయా దీనికి దగ్గరి చుట్టం. 2017లో 292 రకాల జన్యువులు పోల్చి చూస్తే, కంది పుట్టిల్లు మధ్యప్రదేశ్ వైపని తేలింది. దాని అడవి చుట్టం ఇప్పటికీ ఒడిశా, బస్తర్ కొండల్లో ఉంది.

అంటే అడవి గింజను ఏరి, దాచి, మళ్లీ విత్తి కందిని చేసింది పేరు లేని రైతులే. మా నానమ్మలూ బూడిద కలిపి విత్తనం దాచినోళ్లే. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం మేమే, కానీ విత్తనం చదువు వాళ్లదే. సెలవులకు తండాకు పోయినప్పుడు పాత విత్తనం గురించి అడుగుదాం, రాసుకుందాం.