పగిలిన ముక్కల్లో దొరికిన హాలు

1936 జులై. స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైన రోజులు. బార్సిలోనాలో సగ్రద ఫమీలియా చర్చి మీద పడిన గుంపు ఆ చర్చి రూపశిల్పి గౌడీ వర్క్‌షాప్‌కు నిప్పు పెట్టింది. గీసిన కాగితాలు బూడిదయ్యాయి, ప్లాస్టర్ నమూనాలు పగిలి కుప్పపడ్డాయి. అడుగుదామంటే గౌడీ లేడు. పదేళ్ల కిందటే ట్రామ్ గుద్ది చనిపోయాడు. ప్రధాన హాలుకు ఇంకా కప్పే పడలేదు.

మరి ఆయన అనుకున్న హాలు ఎలా ఉండేది?

శిష్యులు ముక్కలు ఏరి దాచారు. అచ్చయిన ఫొటోలు కొన్ని మిగిలాయి. ఫొటో ఆకారం చూపిస్తుంది గానీ కొలత చెప్పదు. కొలత ముక్కల్లోనే ఉంది: అవి 1:10, 1:25 స్కేల్లో చేసినవి.

1979లో మార్క్ బరీ అనే న్యూజీలాండ్ విద్యార్థి వచ్చి, ఎనభై దాటిన శిష్యులను ఇదే అడిగాడు: గౌడీ ఉద్దేశం మీకెలా తెలుసు? వాళ్లు చూపించింది ఆ ముక్కల్నే.

కిటికీల ముక్కలు చూస్తే అన్నీ వంపులే. కానీ ఆ వంపు మీద స్కేలు సరైన దిశలో ఆనిస్తే సందు లేకుండా ఆనుతుంది! గుప్పెడు చీపురుపుల్లలు నడిమికి కట్టి మెలితిప్పి చూడండి. నడుము సన్నబడి, కొసలు విచ్చుకుని ఢమరుకంలా తేలుతుంది. పుల్ల ఒక్కటీ వంగలేదు. గణితంలో దీని పేరు హైపర్‌బొలాయిడ్. రాగిపని చేసే ఇంట్లో పుట్టిన గౌడీకి ఇలాంటి ఆకారాలు చేతికి తెలిసే ఉంటాయి.

అసలు గుట్టు అంచుల్లో ఉంది. రెండు ఢమరుకాలు ఒకదాన్నొకటి కోసుకుంటే ఒక గీత పడుతుంది, మూడు కలిస్తే ఒక బిందువు. ముక్క మీద ఆ బిందువులు కొలిచి, వాటి గుండా పోయే ఢమరుకాలు ఎక్కడ, ఎంత వాలుగా, ఎంత నడుముతో ఉండాలో వెనక్కి లెక్కగట్టారు. ఒక్కోదానికి తొమ్మిది తెలియని విలువలు. చేత్తో లెక్కవేస్తే ఎన్ని నెలలో! 1990ల్లో విమానాల డిజైన్‌కు వాడే సాఫ్ట్‌వేర్ ఆ భారం మోసింది. అలా పూర్తయిన హాల్లోనే 2010 నవంబర్ 7న పోప్ బెనెడిక్ట్ చర్చిని ప్రతిష్ఠించారు.

గౌడీ లేకుండా కట్టొద్దని 1965లో ఆర్కిటెక్ట్ ల కార్బూజియే వంటివారు పత్రికకు ఉత్తరం రాశారు. హాలు వరకు ఆ అభ్యంతరం చెల్లదని నా అభిప్రాయం. ఆనవాళ్లు అంతగా మిగలని, అదే చర్చిలోని మహిమ ముఖద్వారం దగ్గర మాత్రం అది ఇంకా చెల్లుతుంది.