మక్కికి మక్కి

“మక్కికి మక్కి” యను పలుకుబడి మీరందఱు నెఱిగినదే. పూర్వమొక లేఖకుడు తాళపత్ర గ్రంథమునకు ప్రతి వ్రాయుచుండెనట. మూలములో నొకచోట ఈగ యొకటి నలిగి అంటుకొని యుండెను. అతడును ఒక ఈగను పట్టి చంపి, సరిగా ఆ చోటనే అతికించెనట. ఇది కట్టుకథయే కావచ్చును గాని, అందలి నీతి సత్యము. వట్టి ప్రతివ్రాతగాడు అర్థమును చూడడు; కంటబడినదానిని మాత్రమే చూచును. నేటి వ్యాపార కచేరీలలో కంప్యూటరులు చేయుచున్న పనియు నిట్టి ప్రతివ్రాతయే. దాని పూర్వచరిత్ర మన ధర్మవరపు మగ్గము నొద్దకును, మన కరణముల కవిలెల యొద్దకును తీసికొనిపోవును. దానినే నేడు మనవి చేసెదను.

ముందుగా ఆ పని యెట్టిదో తెలిసికొందము. హిందూపురమున పట్టుగూళ్లు కొను వర్తకుడొకడు పదివేలమంది రైతుల పేరులను, ఊళ్లను, బ్యాంకు ఖాతాలను కంప్యూటరులోని ఫారములో ఎక్కింపవలసి వచ్చినదనుకొనుడు. ఒక్కొక్కరికి రెండేసి నిమిషములు పట్టినను 20,000 నిమిషములగును. దినమునకు ఎనిమిది గంటల చొప్పున లెక్కించిన నది దాదాపు 42 దినముల పని. అందులకొక ఉపాయమును కనిపెట్టిరి. గుమాస్తా ఒక్క రైతు వివరములను మాత్రము తన చేతితో ఫారములో నింపును. ఏ గడిలో నేమి వ్రాసెనో, ఏ మీటను ఎప్పుడు నొక్కెనో, ఆ వరుసనంతయు యంత్రము నమోదు చేసికొనును. పిమ్మట ఆ నమోదులో మాఱనివి యేవి, మాఱునవి యేవి యని విడదీయుదురు. మాఱు వాని స్థానమున పట్టికలోని నిలువు వరుసలను నిలుపుదురు. అటుపై యంత్రము పట్టికలోని పంక్తుల నొక్కొక్కటిగా తీసికొని, గుమాస్తా ఒకమారు చేసిన చేష్టనే పదివేల మారులు చేయును. 1972లో జర్మనీ దేశమున స్థాపింపబడిన శాప్ సంస్థవారి వ్యాపారపు సాఫ్టువేరులో ఈ సదుపాయము ప్రసిద్ధమైనది.

ఒకమారు చేసి చూపి, పలుమారులు చేయించుకొను ఈ విద్య కంప్యూటరుతో పుట్టినది కాదు. పూర్వము బుటాల చీర నేయవలెనన్న, నేతగానికి తోడు మఱియొకరు కూర్చుండి, ఏ పేకకు ఏ పడుగుపోగులు లేవవలెనో జ్ఞాపకముంచుకొని లాగుచుండవలసి వచ్చెడిది. ఫ్రాన్సు దేశమున పట్టునేతకు పేరుగాంచిన లియాన్ పట్టణపువాడైన జాకార్డు, తనకు ముందువారి యత్నములను కూర్చి 1804లో ఈ శ్రమను అట్టల కప్పగించెను. గళ్ల కాగితముపై గీసిన బొమ్మలోని ఒక్కొక్క అడ్డవరుసకు ఒక్కొక్క అట్ట. అట్టలో రంధ్రమున్నచోట సూది చొచ్చుకొనిపోవును, దాని కొక్కెము లేచి పడుగుపోగు నెత్తును. రంధ్రము లేనిచోట సూది వెనుకకు త్రోయబడును, పోగు కదలదు. అట్టలన్నియు దండగా కట్టబడి యుండుటచే, కడపటి అట్ట తిరుగగనే మొదటిది మరల వచ్చును. ధర్మవరమున చీరల అంచులును కొంగులును నేయు మగ్గములపై వ్రేలాడు అట్టల దండలను మీరు చూచియే యుందురు.

ఇచ్చట నొక విశేషమును గమనింపుడు. అట్టలు మాఱవు, నాడెలోని పట్టు రంగు మాఱును. అదే బొమ్మతో నొక చీర ఎఱుపుగను, మఱియొకటి పసుపుగను దిగును. మాఱనిదానిని నమోదు చేసి, మాఱుదానిని వేఱుగ నందించుటయే గదా ఇందాక చెప్పిన గుమాస్తా చేసిన పనియును!

ఇంగ్లండులో బాబేజి తాను తలపెట్టిన గణితయంత్రమునకు ఈ అట్టలనే వాడదలచెను. ఆ యంత్రము పూర్తి కాలేదు. అమెరికాలో 1880 నాటి జనాభా లెక్కలు తేల్చుటకు ఏడేండ్లకు పైగా పట్టినందున, 1890 లెక్కలకు హొలెరిత్ అను నాతడు రంధ్రముల అట్టలను, వాటిని లెక్కించు యంత్రమును సమకూర్చెను. ఆరుకోట్లకు పైబడిన జనుల వివరము లట్టల కెక్కెను. మనుష్యుని వయస్సును వృత్తియు రంధ్రములై కూర్చున్న దినమది.

ఇక మన సీమలోని ఫారముల చరిత్ర. 1565లో తళ్లికోట యుద్ధమునకు పిమ్మట విజయనగర రాజ్యమునకు పెనుకొండ రాజధాని యయ్యెను. ఆ కాలపు దానములు, ఎల్లలు శిలలపై చెక్కబడినవి. గ్రామపు లెక్కలు కరణముల కవిలెలలో నిలిచినవి. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేయగా, థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 వరకుండెను. ఆయన పొలము పొలమును కొలిపించి, తరగతులు కట్టించి, లెక్కలను గడులు గల పట్టికలలో వ్రాయించెను. ఆనాడు పదివేల పంక్తులు వ్రాయవలెనన్న పదివేల మారులు కలమును సిరాలో ముంచవలసినదే. అందు తప్పులు లేకపోలేదు. కాని యొకచోట తప్పిన చేయి మఱియొకచోట తప్పవలెనను నియమము లేదు. అంతేగాక వ్రాయువాడు ఊరివాడు. ఊరిలో నారాయణప్పలు ఇద్దఱున్నచో బావిగట్టు నారాయణప్ప యెవరో, చింతతోపు నారాయణప్ప యెవరో కరణమునకు తెలియును. ఆ తెలివితో మేలు చేసినవారును కలరు, కీడు చేసినవారును కలరు.

1984లో కరణముల ఉద్యోగములు రద్దయ్యెను. 1998లో రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటరులు వచ్చెను. 2015లో మీభూమి యను పేర అడంగలు ఇంటనుండియే చూచుకొను వీలు కలిగెను. ఇది మేలే. దాచిన కవిలె యిపుడు అందఱి కన్నులయెదుట నున్నది. అయినను పేరు తప్పినదని, విస్తీర్ణము తగ్గినదని కాగితములు చేతబట్టుకొని తిరుగు రైతులను మీరెఱుగుదురు.

తప్పు ఎట్లు దూరునో నా పూర్వవిద్యార్థి యొకడు చెప్పెను. అతడొక కచేరిలో పట్టికలు సిద్ధపఱచువాడు. సర్వే నంబరు 5, సబ్‌డివిజను 2 అని తెలుపుటకు 5-2 అని కొట్టగా, పట్టిక వ్రాయు సాఫ్టువేరు దానిని తేదీ యని భ్రమించి నెలపేరుగా మార్చినదట. సున్నతో మొదలగు ఖాతా సంఖ్యలో ముందు సున్న ఎగిరిపోయినదట. నిలువు వరుస యొకటి ప్రక్కకు జరిగిన, తండ్రి పేరు ఊరి పేరగును. నడుమ నాగిపోయిన పనిని మరల మొదటినుండి నడిపిన, ఒక్కరే ఇద్దఱగుదురు. యంత్రము అలయదు, సందేహింపదు. ఈగ యున్నచో పదివేల పుటలలో పదివేల ఈగలను అతికించును.

మన పూర్వులు ఈ యపాయమును లెస్సగా నెఱుగుదురు. చూచినదానిని చూచినట్లు వ్రాసితిని, దోషము నాది కాదని లేఖకులు గ్రంథాంతమున చెప్పుకొనెడివారు. ఆ మాటను నమ్మి యూరకుండలేదు గనుకనే వేదాధ్యయనపరులు పదము, క్రమము, జట, ఘనము అని వరుసలు మార్చి మార్చి వల్లించి అక్షరము జాఱకుండ కాచిరి. కడపలో బ్రౌను దొర ప్రతులు వ్రాయించుటతో తృప్తినొందక, పండితులచేత అనేక ప్రతులను సరిపోల్చి చూపించెను. వ్రాయుట యొకరి పని, సరిచూచుట మఱియొకరి పని. ధర్మవరమునను, క్రొత్త అట్టలు కట్టినపుడు ముందుగా కొంత నేసి చూచి, బొమ్మ కుదిరినదని తేలిన పిమ్మటనే చీరకు దిగుట వివేకము. కంప్యూటరు పని తెలిసినవారును ముందు నాలుగైదు పంక్తులే ఎక్కించి, ఫలితమును కంటితో చూచి, పిమ్మట మిగిలినవానిని వదలుదురు. తొందరపడువారే ఈ మెట్టు దాటుదురు.

కావున చదువు తెలిసిన గ్రామవృద్ధులకు నా విన్నపమిది. మీ యూరి జాబితా యేదైనను యంత్రమున కెక్కక పూర్వము, ప్రతిని పంచాయతి కచేరిలో పైకి చదివింపుడు. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము, ఖాతా సంఖ్య వరుసగా చదువగా, సంబంధించినవాడు విని ఔననవలెను. ఒకే పేరు గలవారు ఇద్దఱున్నచో గుఱుతు చెప్పవలసినవారు మీరే. ఎక్కిన పిమ్మట మరల నొకమారు చూడవలెను. నూఱు పేరులు చదువుటకు ఒక సాయంకాలము చాలును. ఎక్కిన తప్పును దింపుటకు ఒక రైతునకు సంవత్సరము చాలకపోవచ్చును.