డీఎన్ఎస్: చరిత్ర, పరిమితులు

మీరు వెబ్‌సైటు పేరు టైపు చేయగానే దాని అంకెల చిరునామాను ఒక సర్వరు వెతికి ఇస్తుంది. తొలినాళ్లలో ఈ పేర్లన్నీ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ నిర్వహించిన ఒకే జాబితాలో ఉండేవి. నెట్‌వర్కు పెరిగేకొద్దీ ఆ పద్ధతి కష్టమైంది. అందువల్ల 1983లో పాల్ మొకపెట్రిస్ ఆ బాధ్యతను అనేక సర్వర్లకు పంచే డీఎన్ఎస్‌ను రూపొందించారు.

సాధారణంగా మీ ఇంటర్నెట్ కంపెనీ సర్వరే ఈ పని చేస్తుంది. అది నెమ్మదిస్తే పేజీ ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఇందుకు ప్రత్యామ్నాయంగా గూగుల్ 2009లో 8.8.8.8ను, క్లౌడ్‌ఫ్లేర్ 2018లో 1.1.1.1ను అందించాయి. 2014లో టర్కీ ప్రభుత్వం ట్విట్టర్‌ను నిరోధించినప్పుడు అక్కడి ప్రజలు 8.8.8.8 అని గోడలపై రాశారు. అప్పటికి అడ్డుకున్నది పేరును మాత్రమే కనుక ఆ ఉపాయం కొన్నాళ్లు పనిచేసింది.

కోనసీమ అనుభవం వేరు. జిల్లా పేరు మార్పుపై 2022 మే 24న అమలాపురంలో హింస చెలరేగాక అక్కడ మొబైల్ ఇంటర్నెట్‌నే కొన్ని రోజులు నిలిపివేశారు. అటువంటప్పుడు అమలాపురంలోనైనా, నగరం గ్రామంలోనైనా డీఎన్ఎస్ మార్చి ప్రయోజనం లేదు. సర్వరును చేరే దారే మూసుకుపోతుంది.

కాబట్టి డీఎన్ఎస్ మార్పు పేరు వెతకడాన్ని వేగవంతం చేస్తుందే గానీ డౌన్‌లోడు వేగాన్ని పెంచదు, తెగిన కనెక్షన్‌ను కలపదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: టర్కీ, కోనసీమ ఉదంతాల మధ్య తేడా ఏమిటి?