పట్టు (క్రియ) – సవర భాషానువాదం

తెలుగులో మిక్కిలి వాడుకలో ఉన్న క్రియలలో పట్టు ఒకటి. దీనికి సవర భాషలో సాధారణంగా చెప్పే సమానార్థకం ఞమ్. చేతితో పట్టుకోవడం, వేటలో పట్టడం అనే అర్థాలలో ఈ రెండు పదాలు చక్కగా సరిపోతాయి. ఇతర నామాలతో కలిసి సమాసమైనప్పుడు మాత్రం రెండూ వేరు వేరు దారులు పడతాయి. తెలుగు ద్రావిడ భాష కాగా, సవర ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది.

సవరలు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండ ప్రాంతాలలోను, ఒడిషాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను నివసిస్తున్నారు. నరసన్నపేట నుండి పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వెళ్ళే దారి ఈ సవర సీమ వైపే సాగుతుంది. కొండ దిగి సంతకు వచ్చే సవరలు తెలుగు మాట్లాడతారు గాని, మైదాన ప్రాంతపు తెలుగువారిలో సవర తెలిసినవారు అరుదు. అందుచేత అనువాద భారమంతా చాలాకాలంగా సవరల మీదనే ఉన్నది.

తెలుగులో పట్టు

చేపలు పట్టడం, చేయి పట్టడం అన్నప్పుడు పట్టేవాడు కర్త, పట్టబడినది కర్మ. కాని "నిద్ర పట్టింది", "చెమట పట్టింది", "ఇనుము తుప్పు పట్టింది" అనే వాక్యాలలో ఎవరూ దేనినీ పట్టలేదు. "రెండు గంటలు పట్టింది" అంటే కాలం గడిచిందని, "ఈ కుండలో నాలుగు శేర్లు పడతాయి" అంటే అంత ఇముడుతుందని అర్థం. పసిబిడ్డకు పాలు పట్టడం, మరలో పిండి పట్టించడం, తప్పు పట్టడం, ఓపిక పట్టడం, పదవి చేపట్టడం, ఎవరినైనా పట్టించుకోవడం - ఇవన్నీ ఒకే ధాతువు నుండి పుట్టినవే. వీటిలో పట్టు ఉన్నది కదా అని ప్రతి చోటా ఞమ్ అని వేస్తే అది సవర కాదు, సవర మాటలతో చెప్పిన తెలుగు అవుతుంది. ముందుగా పదబంధం మొత్తానికి అర్థం తేల్చుకొని, ఆ తరువాతనే సవర మాట వెదకవలసి ఉంటుంది.

సవరలో ఞమ్

తెలుగు పిల్లలు వర్ణమాలలో ఞ నేర్చుకుంటారు గాని, ఆ అక్షరంతో మొదలయ్యే మాట వారికి దాదాపు తగలదు. సవరలో మాత్రం ఇంత ముఖ్యమైన క్రియ దానితోనే మొదలవుతుంది.

సవర క్రియ నామాన్ని తనలో కలుపుకొంటుంది. అలా కలిసేటప్పుడు నామం కురచబడి ఒకే అక్షరపు రూపం దాలుస్తుంది. చేపకు పూర్తి పదం అయొ, సమాసరూపం యొ. ఞమ్-యొ-తెన్ అంటే "చేపలు పడుతున్నాడు". దున్నకు బొఙ్తెల్ అనే పదం బొఙ్ అవుతుంది. తిను అనే అర్థం గల జుమ్ క్రియతో చేరి దున్న మాంసం తినడమని అర్థమిస్తుంది.

పులి విషయంలో అనువాదకుడు మరింత జాగ్రత్త వహించాలి. కిన అంటే పులి, దాని సమాసరూపం కిద్. ఞమ్-కిద్-త్-అమ్ అనే మాటను విడదీస్తే పట్టు, పులి, జరగబోయే కాలాన్ని తెలిపే గుర్తు, నిన్ను అనే ప్రత్యయం వస్తాయి. చేపల ఉదాహరణ చదివినవాడు ఇక్కడ కూడా పులిని పట్టడమే అనుకుంటాడు. నిజానికి దీని అర్థం "పులి నిన్ను పట్టుకుంటుంది" అని. క్రియలో దాగిన నామం మొదటి మాటలో కర్మ, రెండవ మాటలో కర్త. తేడాను చెప్పేది చివరి ప్రత్యయమే. అడవి దారిన పోయే మనిషికి చేసిన హెచ్చరికను వేటగాని గొప్పగా అనువదించడం చిన్న పొరపాటు కాదు.

తెలుగువారికి ఇది పూర్తిగా వింత కానక్కరలేదు. "చేప పట్టాడు" అన్నప్పుడు చేప కర్మ, "దయ్యం పట్టింది" అన్నప్పుడు దయ్యం కర్త. అయితే తెలుగులో నామం విడిగానే నిలుస్తుంది, సవరలో క్రియలో లీనమవుతుంది. ఒక్కొక్కసారి రెండు నామాలు కూడా లీనమవుతాయి: పొ-పుఙ్-కున్-త్-అమ్ అనే ఒక్క మాటకు "నిన్ను కత్తితో కడుపులో పొడుస్తాడు" అనే పూర్తి వాక్యం కావాలి. పొ పొడుచు అనే క్రియ, పుఙ్ కడుపు, కున్ కత్తి.

గిడుగు కృషి

ఈ నిర్మాణాన్ని శాస్త్రీయంగా నమోదు చేసినవాడు గిడుగు వెంకట రామమూర్తి (1863-1940). ఆయన జన్మస్థలమైన పర్వతాలపేట నరసన్నపేటకు సమీపంలోని శ్రీముఖలింగ క్షేత్రం దగ్గరి గ్రామం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండగా సవర తెలిసిన వ్యక్తిని ఇంట పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నాడు. అడవులలో తిరిగి చలిజ్వరానికి గురై, క్వినైన్ వాడిన కారణంగా చెవుడు వచ్చింది. చెవితో పట్టవలసిన భాషకు చెవి వినపడని పండితుడు 1931లో వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించాడు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగానే ఆయనను ఎక్కువమంది ఎరుగుదురు. సవర కృషికి అంతటి ప్రచారం లభించలేదు.

పాఠశాలలలో

2000ల దశకంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాతృభాష ఆధారంగా బహుభాషా విద్యను ప్రవేశపెట్టి, సవర వాచకాలను తెలుగు లిపిలో రూపొందించింది. ఒడిషా వైపు మంగెయి గొమాంగొ 1936లో కల్పించిన సొరాఙ్ సొంపెఙ్ లిపి కూడా ఉన్నది. తెలుగు వాచకంలోని వాక్యాన్ని మాటకు మాట మార్చితే సవర పిల్లవాడికి అక్షరాలు తెలిసినా వాక్యం తెలియదు. "నిద్ర పట్టలేదు" వంటి వాక్యం ఎదురైనప్పుడు, ఆ స్థితిని ఇంట్లో ఏమంటారని పిల్లలనే అడిగి వ్రాసుకోవడం ఉపాధ్యాయునికి అన్నిటికన్న నమ్మదగిన పద్ధతి. గిడుగు సవర నేర్చిన తీరు కూడా దాదాపు ఇటువంటిదే.