ఒక్క ఫీడరు మీద

“అయితే ఒక్క ఫీడరు మీద నడుస్తోందన్నమాట!” అన్నాడు మామయ్య.

కాగితం మీద గుండె బొమ్మ గీస్తున్న డాక్టరు పెన్ను ఆపి నావైపు చూశాడు. “కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడండీ,” అన్నాను. ఆ తర్వాత నాతో వాళ్లకు పనిలేకపోయింది.

మామయ్యకు డెబ్బై ఎనిమిది. గుండెలోంచి రక్తం బయటికి పోయే వాల్వు సున్నం పేరుకుని గట్టిపడింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఛాతీ కొయ్యకుండా తొడ దగ్గర రక్తనాళంలోంచి కొత్త వాల్వు పంపుతామన్నారు. 2002లో ఫ్రాన్సులో అలాన్ క్రిబియే మొదలుపెట్టిన పద్ధతి, టావీ అంటారు.

చిక్కంతా పాత ఈసీజీలో ఉంది. రెండేళ్ల కిందటిది, రేషన్ కార్డు జిరాక్సులతో పాటు ప్లాస్టిక్ కవర్లో పడుంది. మిషను పైనే అచ్చేసింది: రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్. అప్పట్లో ఎవరూ దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. దానికంటూ మందేమీ లేదు, నిజమే. చెప్పడానికేం పోయింది?

గుండె పైగదుల నుంచి కిందికి దిగే కరెంటు మధ్యగోడలో కుడి, ఎడమ రెండు పాయలవుతుంది. మామయ్యకు కుడిపాయ ఎప్పుడో పోయింది. ఎడమది సరిగ్గా వాల్వు కింద, పలచటి పొరలాంటి గోడ అంచున పోతుంది. కొత్త వాల్వు విచ్చుకుంటూ దాన్ని నొక్కిందా, సరఫరా బంద్.

“నొక్కుతుందో లేదో ముందే తెలీదా?”

“సీటీలో ఆ పొర పొడవు కొలుస్తాం. మిల్లీమీటర్ల లెక్క. వాల్వు అంతకన్నా లోతుకు దిగితే ముప్పు. కుడిపాయ పోయినవాళ్లకు పేస్‌మేకరు పడే అవకాశం మిగతావాళ్లకన్నా రెండు మూడు రెట్లు. అంతవరకే చెప్పగలను పెద్దాయనా.”

“ముందే పెట్టేయొచ్చుగా?” అన్నాను.

డాక్టరుకన్నా ముందు మామయ్యే అందుకున్నాడు. “గాలివాన వస్తుందని స్తంభాలు పీకి కొత్తవి పాతుతామట్రా? మనుషుల్ని రెడీగా పెట్టుకుంటాం.”

రెడీగా పెట్టుకున్నది మెడలోంచి గుండెలోకి దించిన సన్నటి తీగ, మంచం పక్కన ఒక చిన్న పెట్టె. వాల్వు బాగానే కూర్చుంది. రాత్రి రెండున్నరకు మానిటర్ మీద చిన్న అలలు వాటి మానాన అవి వస్తున్నాయిగానీ పెద్దవి తప్పిపోతున్నాయని సిస్టరు చూసింది. ముప్పై నాలుగు. ఆలోపే పెట్టె అందుకుంది. ప్రతి దెబ్బకూ ముందు సూదిలాంటి నిలువుగీత. అరవై.

తెల్లారి మామయ్య అడిగిన మొదటి మాట: “రాత్రి కరెంటు పోయొచ్చిందా?”

రెండు రోజులు చూశారు. ఎడమపాయ తేరుకోలేదు. ఆ రెండు రోజుల్లోనే డాక్టరు మామయ్యకు మినియాపొలిస్ కథ చెప్పాడు. గుండె ఆపరేషన్లలో ఇలాగే తీగ దెబ్బతిన్న పిల్లలను గోడ ప్లగ్గుకు తగిలించిన యంత్రాలతో నడిపేవారట. 1957 అక్టోబరు 31న ఊరంతా కరెంటు పోయింది. సర్జన్ లిల్లెహై పోరగా, యంత్రాలు బాగుచేసే ఎర్ల్ బాకెన్ నాలుగు వారాల్లో బ్యాటరీది చేసిచ్చాడు. మామయ్య ఆ కథ నాకు మూడుసార్లు చెప్పాడు, మూడోసారికి తప్పంతా అక్కడి సబ్‌స్టేషనువాళ్లదే అయింది.

మూడోరోజు ఎడమ భుజం కింద పేస్‌మేకరు పెట్టారు.

“బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందండీ?”

“పదేళ్లు అటూ ఇటూ.”

మామయ్య వేళ్ల మీద లెక్కేసుకుని, వాళ్లిచ్చిన కార్డును పాత డిపార్ట్‌మెంటు గుర్తింపు కార్డు వెనక పెట్టి జేబులో దోపుకున్నాడు. “మార్చేటప్పుడు నన్ను పిలవండి, దగ్గరుండి చూస్తా,” అన్నాడు.