ఎముకల జిగురు కథ

పశువుల ఎముకలు, తోళ్ళు ఉడికించి తీసే జిగురే జెలటిన్. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పారిస్ ఆసుపత్రుల్లో బీదలకు దీనితో కాచిన చారు పోసేవారు. అది నిజంగా బలమిస్తుందా అని పెద్ద వివాదం రేగింది. మాజెండీ నాయకత్వంలోని సంఘం కుక్కల మీద పరీక్షలు జరిపి, జెలటిన్ ఒక్కటే తింటే ప్రాణం నిలవదని 1841లో తేల్చింది. ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమినో ఆమ్లం అందులో లేదని తర్వాత తెలిసింది.

తిండిగా ఓడిన జెలటిన్ మందును మోయడంలో నెగ్గింది. 1834లో ఆ పారిస్‌లోనే మోత్, డ్యూబ్లాన్ జెలటిన్ గుళికకు పేటెంటు పొందారు. చేదు మందు మింగడం తేలికైంది. 1945లో రక్తస్రావం ఆపే జెలటిన్ స్పాంజి వచ్చింది. గాయంలో వదిలేసినా కొన్ని వారాల్లో అదే కరిగిపోతుంది.

కీళ్ళలోని మృదులాస్థి ఒకసారి చెడితే మళ్ళీ బాగుపడదని 1743లోనే విలియం హంటర్ రాశాడు. దానికి రక్తనాళాలు లేవు మరి. వెలుతురు సోకితే గట్టిపడేలా మార్చిన జెలటిన్‌లో జీవకణాలనూ మందునూ ఇమిడ్చి, ఆ లోటు పూడ్చాలని నేటి పరిశోధకుల ప్రయత్నం. కణాలు నిలదొక్కుకున్నాక జెలటిన్ తప్పుకోవాలి. అరిగిన మోకాళ్ళకు ఇదింకా మామూలు వైద్యం కాలేదు. జెలటిన్ తింటే నేరుగా మోకాలికి చేరుతుందనుకోవద్దు; అది కడుపులోనే జీర్ణమవుతుంది. పారిస్ బీదల చారు నేర్పిన పాఠం ఇదే: గొప్పలు నమ్మేముందు పరీక్ష అడగాలి.