సొరచేప నూనె, గోధుమరంగు సీసా

1940 ఏప్రిల్‌లో జర్మన్ సేనలు నార్వేపై దండెత్తగా, మనకు అచ్చటి కాడ్ చేపనూనె కరవయ్యెను. రేచీకటి పిల్లలకు మందేది? మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖవారు కోళిక్కోడులో సొరచేప కాలేయములనుండి నూనె తీయించిరి.

చిక్కంతయు ఇచ్చటనే కలదు. ఒక జాతి సొర నూనెలో ఏ-విటమిన్ అపారము, మరియొక జాతిలో అత్యల్పము. రంగు, రుచి చూచి ఎవ్వరును చెప్పజాలరు. 1926లో బ్రిటిష్ రసాయనవేత్తలు కార్, ప్రైస్ చూపిన పరీక్షయే శరణ్యమయ్యెను. ఆంటిమొని ట్రైక్లోరైడు ద్రావణము కలిపినచో నూనె నీలివన్నె తాల్చును. నీలమెంత గాఢమో విటమిన్ అంత హెచ్చు. ఆ వన్నె క్షణములలో వెలిసిపోవును గనుక పరీక్షకుడు రెప్ప వాల్చరాదు! బలము హెచ్చైన నూనెను శాకతైలముతో పలుచన చేసి నిర్ణీత ప్రమాణమునకు తేవలెను. ఈ లెక్క తప్పినచో, తల్లి నిత్యము చెంచాతో పోయు నూనె బిడ్డ కంటికి అక్కరకు రాదు.

పరీక్షలో నెగ్గిన నూనెయు తెల్లసీసాలో చెడును. వెలుతురు, గాలి, వేడి ఏ-విటమిన్‌ను హరించును. అందుచే ముదురు గోధుమరంగు సీసాను మెడవరకు నింపి, మూత బిగింపవలెను. చిన్న వ్యాపారికి తెల్లసీసా ఆకర్షణయే. మా ఓటు మాత్రము ఆ మసకసీసాకే. నిలువయున్న కొలది బలము తరుగును గనుక దానిపై యూనిట్లతోపాటు తేదీయు ఉండవలెను.